ప్లాటినం రేటుని బంగారం రేటు చూసినట్టు చూడకండి

ఖమ్మం నుంచి ఒక చెల్లెలు రాసింది, కొంచెం కుదించి ఇక్కడ పెడుతున్నా:

"అన్నా, 2022లో మా పెళ్ళయి పదిహేనేళ్ళయిందని ఇద్దరం ప్లాటినం కపుల్ బ్యాండ్లు తీసుకున్నాం. రెండూ కలిపి 10 గ్రాములు, బిల్లు 46 వేలు. ఏడాది తర్వాత డబ్బు అవసరమై అదే షాపుకెళ్తే 22 వేలు కడతాం, అది కూడా వేరే నగ తీసుకుంటేనే అన్నారు. ఏం మాట్లాడలేక వచ్చేశాం. ఇప్పుడేమో ప్లాటినం డబుల్ అయింది, బంగారం కంటే అరుదైంది, రేపో మాపో బంగారాన్ని దాటేస్తది అని మా ఆయన ఫ్రెండ్స్ ఊదరగొడుతున్నారు. వచ్చే నెల చీటీ పాడితే రెండు లక్షల దాకా చేతికొస్తాయి. పాప ఇంటర్ చదువుతుంది, దాని పెళ్ళికని ప్లాటినం కొని పెట్టమంటారా? అసలీ రేటు ఎవరు పెడతారు, ఫోన్లో కనపడే రేటుకీ షాపు రేటుకీ పొంతనే ఉండదేంటి? ఇంకోటి, మా ఆయనకి ఉంగరం టైట్ అయింది, ఇక్కడ ఆచారి దగ్గర పెద్దది చేయించొచ్చా?"

చెల్లెమ్మా, చీటీ డబ్బుల సంగతి ముందు చెప్పేస్తా, వద్దు. పాప పెళ్ళికని దాచే డబ్బు ప్లాటినం నగల్లో పెట్టొద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే మాత్రం కొంచెం పొడుగవుద్ది, టీ పెట్టుకుని కూర్చోండి. విజయవాడలో నగల హోల్‌సేల్ వాళ్ళ దగ్గర ఇరవై ఏళ్ళ పైన అకౌంట్లు రాసినోణ్ణి, బంగారం లెక్కలు నిద్రలో లేపినా చెప్తా గానీ ఈ తెల్ల లోహం మాత్రం నన్ను కూడా చాలాసార్లు బోల్తా కొట్టించింది.

మా బావగారి కథ చెప్తా. 2008 మార్చిలో ఆయన ఒక ప్లాటినం కడియం చేయించుకున్నారు, 40 గ్రాములు. ఆ టైంలో ప్లాటినం అంటే మామూలు ఊపు కాదు, ఔన్సు (31 గ్రాముల చిల్లర) 2,200 డాలర్లు దాటేసింది, మన లెక్కలో గ్రాము 2,900 చిల్లర, అంటే పది గ్రాములు 29 వేల పైన, పది గ్రాముల బంగారం చూస్తే పన్నెండు పదమూడు వేలల్లో ఉంది, అంటే ప్లాటినం బంగారానికి డబుల్ కంటే ఎక్కువ. "బంగారం అందరూ కొంటారు బావా, తెలిసినోడు ఇది కొంటాడు" అన్నారు నాతో. అదే సంవత్సరం నవంబర్ వచ్చేసరికి 800 డాలర్ల చుట్టూ దొర్లుతోంది. సరే, అప్పుడు ప్రపంచం మొత్తం మునిగింది, అన్నీ పడ్డాయి అనుకుందాం. కానీ బంగారం లేచింది, ఇది లేవలేదు. 2020 మార్చిలో కరోనా భయానికి 600 డాలర్ల కిందకి కూడా పోయింది, అంటే మన రూపాయల్లో గ్రాము 1,450 లోపు. పన్నెండేళ్ళలో ఆయన కడియం విలువ సగానికి పడిపోయింది, అదే పన్నెండేళ్ళలో పది గ్రాముల బంగారం నలభై వేలు దాటింది. ఇక్కడ ఇంకోటి గమనించండి, ఈ మధ్యలో డాలరు 40 రూపాయల నుంచి 75 అయింది, రూపాయి పడితే మన దగ్గర రేటు పెరగాలి కదా, అంత సాయం దొరికినా కూడా సగమే మిగిలింది. మా అక్క ఇప్పటికీ ఆ కడియం కనపడితే చాలు మొహం తిప్పుకుంటుంది.

మరి మీకెవరో "బంగారం కంటే అరుదు" అన్నారు చూడండి, అది అబద్ధం కాదు. ప్రపంచంలో ఏడాదికి గనుల్లోంచి వచ్చే బంగారం 3,600 టన్నుల దాకా ఉంటుంది, ప్లాటినం 170, 180 టన్నులు. ఇరవయ్యో వంతు. కానీ అరుదైనంత మాత్రాన రేటు ఉండాలని రూలేం లేదు, అరుదైనదాన్ని ఎవరో ఒకరు ఎగబడి కొంటుండాలి. బంగారానికి ఆ కొనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, మనలాంటి ఇళ్ళు ఉన్నాయి, పైగా దేశాల సెంట్రల్ బ్యాంకులు టన్నులకి టన్నులు బీరువాల్లో పెట్టుకుంటాయి, మన రిజర్వ్ బ్యాంకు కూడా. ప్లాటినానికి అట్లా కింద పడకుండా పట్టుకునే చెయ్యి లేదు. కార్లు తయారయితే కొంటారు, లేకపోతే లేదు. ఇది పేరుకే నగల లోహం, అసలు స్వభావం రాగి, నికెల్ లాగా ఫ్యాక్టరీ సరుకు. మనమేమో క్రెడిట్ కార్డులో గోల్డ్ కంటే ప్లాటినం పెద్దది కాబట్టి రేటులో కూడా పెద్దదే అనుకుంటాం. 2015కి ముందు చాలా ఏళ్ళు అట్లాగే ఉండేది కూడా, ఆ తర్వాత నుంచి బంగారమే పైన.

ఎక్కడి నుంచి వస్తదో చూస్తే సగం అర్థమవుద్ది. ప్రపంచంలో తవ్వే ప్లాటినంలో నూటికి 70 వంతుల పైనే ఒక్క దక్షిణాఫ్రికా నుంచే వస్తుంది, అందులో కూడా దాదాపు మొత్తం బుష్‌వెల్డ్ అనే ఒక్క ప్రాంతం నుంచి, రస్టెన్‌బర్గ్ అనే గనుల ఊరు ఉన్నది అక్కడే. 1924లో హాన్స్ మెరెన్‌స్కీ అనే ఆయన అక్కడ ప్లాటినం ఉన్న రాతి పొరని కనిపెట్టాడు, ఇప్పటికీ ఆ పొరని ఆయన పేరుతోనే పిలుస్తారు. మిగతాది రష్యా, జింబాబ్వే, కొంచెం ఉత్తర అమెరికా. పొర పలచగా ఉంటుంది, లోతు కొన్ని చోట్ల కిలోమీటరు పైన, టన్ను రాయి పైకి తెస్తే అందులో నాలుగైదు గ్రాములు, అది కూడా ఒక్క ప్లాటినమే కాదు, పల్లాడియం, రోడియం (ఇవి కూడా ప్లాటినం జాతి లోహాలే) అన్నీ కలిపి. మన మిర్చి మొత్తం ఒక్క గుంటూరు యార్డు నుంచే వస్తుందనుకోండి, అక్కడ వారం రోజులు హమాలీలు సమ్మె చేస్తే దేశమంతా కారం రేటు ఏమవుద్ది? అదే ఇది.

2008 జనవరిలో అదే జరిగింది, దక్షిణాఫ్రికాలో కరెంటు సరిపోక గనులు కొన్ని రోజులు పూర్తిగా మూసేశారు, మా బావగారు కడియం కొన్న రేటు ఆ చీకట్లో పుట్టిన రేటే. తర్వాత 2012 ఆగస్టులో మరికానా గని దగ్గర సమ్మె చేస్తున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపితే ఒక్కరోజే 34 మంది చనిపోయారు. మనం ప్రేమ గుర్తు అని వేలికి పెట్టుకునేదాని వెనక ఇది కూడా ఉంది, ఎప్పుడో ఒకసారి గుర్తు చేసుకోవాలి అనిపిస్తది నాకు. 2014లో ఇంకా పెద్ద సమ్మె, ఐదు నెలలు, డెబ్బై వేల మంది దాకా పని ఆపేశారు. అప్పుడు నేను మా ఓనరుతో "ఇంక చూడండి సార్ ఆకాశానికి పోతది" అన్నా. పోలేదు. ఏదో కొంచెం కదిలి ఊరుకుంది. ఎందుకంటే అప్పటికే గోడౌన్లలో, లాకర్లలో బోలెడు సరుకు పడుంది, ఫ్యాక్టరీల వాళ్ళు అది వాడుకుంటూ కూర్చున్నారు. అప్పుడు నాకు బుద్ధొచ్చింది, గని ఆగింది అన్న వార్త ఒక్కటీ చూసి రేటు చెప్పకూడదు, భూమి మీద ఇప్పటికే ఎంత సరుకు ఉందో కూడా చూడాలి అని.

గనుల గురించి ఇంకో చిత్రమేంటంటే వాళ్ళు ప్లాటినం రేటు చూసి తవ్వరు. రాయిలో అన్నీ కలిసి వస్తాయి కాబట్టి మొత్తం బుట్ట రేటు చూస్తారు. 2021లో రోడియం ఔన్సు 29 వేల డాలర్ల దాకా పోయింది, అప్పుడు ప్లాటినం ఎంతున్నా వాళ్ళకి పండగే. తర్వాత రోడియం, పల్లాడియం రెండూ కుప్పకూలాయి, గనులకి నష్టాలు మొదలై మనుషుల్ని తీసేశారు, కొత్త బావులకి పెట్టుబడి ఆపేశారు. ఆ ఆపేసిన ఫలితం వెంటనే కనపడదు, కొన్నేళ్ళకి సరుకు తగ్గినప్పుడు కనపడుద్ది. గేదెని అమ్మేసినాక పాల కరువొచ్చిందని వెంటనే పాలు రావు కదా, దూడ పెరగాలి, చూడి కట్టాలి, ఈనాలి.

ఇక కొనేది ఎవరు. ఏడాదికి వాడే ప్లాటినంలో నూటికి నలభై వంతుల దాకా కార్ల పొగ గొట్టాల్లోకి పోతుంది, క్యాటలిటిక్ కన్వర్టర్ అంటారు, విషపు పొగని కాస్త మంచి పొగగా మార్చే డబ్బా. నగలు నాలుగో వంతు అటూఇటూ. మిగతాది ఎక్కడెక్కడికో, ఎరువుల ఫ్యాక్టరీల్లో నైట్రిక్ యాసిడ్ చేసే జల్లెడలు, అద్దాల ఫ్యాక్టరీలు, గుండెకి పెట్టే పేస్‌మేకర్లు, క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్ (దాని పేరులోనే ఉంది చూడండి), మన విశాఖ రిఫైనరీ లాంటి చోట పెట్రోల్ ఆక్టేన్ పెంచే యూనిట్లు.

కార్లలో కూడా మెలిక ఉంది. డీజిల్ బండ్లకి ఎక్కువగా ప్లాటినం, పెట్రోల్ బండ్లకి ఎక్కువగా పల్లాడియం. 2015 సెప్టెంబర్లో వోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల పొగ టెస్టుల్లో మోసం చేసిందని అమెరికాలో బయటపడింది, దాంతో యూరప్‌లో డీజిల్ కార్లంటే జనానికి మొహం మొత్తింది, ప్లాటినం పడింది, పల్లాడియం లేచింది. 2017లో పల్లాడియం ప్లాటినాన్ని దాటేసింది కూడా. అప్పుడు కార్ల కంపెనీలు ఏం చేశాయి, ఖరీదైన పల్లాడియం తగ్గించి చవకైన ప్లాటినం కలపడం మొదలుపెట్టాయి. అంటే ఇందులో ఏదైనా మరీ పెరిగితే దాన్ని వాడేవాళ్ళే దాన్ని తగ్గించే దారి వెతుక్కుంటారు. బంగారం పెరిగిందని మన పెళ్ళిళ్ళలో ఎవరూ మంగళసూత్రం ఇత్తడితో చేయించరు గదా, తేడా అక్కడే ఉంది. కరెంటు కార్లకి పొగ గొట్టమే లేదు కాబట్టి ఇది అసలు అక్కర్లేదు, హైబ్రిడ్ బండ్లకి కావాలి. కాబట్టి పదేళ్ళ తర్వాత ప్లాటినం ఎంతుంటది అని అడిగితే, పదేళ్ళ తర్వాత జనం ఏ కారెక్కుతారు అని అడిగినట్టే. మీ పాప పెళ్ళిని దాని మీద ఆధారపెట్టడం నాకిష్టం లేదు.

డబుల్ అయింది అన్నది నిజమే. 2025 మొదట్లో ఔన్సు 900 డాలర్ల దగ్గరుంది, జూన్ అయ్యేసరికి 1,300 దాటింది, డిసెంబర్లో 2,000 దాటింది, 2008 తర్వాత ఆ నంబరు చూడటం అదే మొదలు. కారణం ఒక్కటి కాదు. అప్పటికి రెండు మూడేళ్ళుగా తవ్వేదీ, పాత కార్ల నుంచి తీసేదీ కలిపినా వాడకానికి సరిపోలేదు, నిల్వలు కరుగుతూ వచ్చాయి. బంగారం చుక్కలు తాకేసరికి చైనాలో నగల వాళ్ళు కొందరు ప్లాటినం వైపు మళ్ళారు. అమెరికాలో టారిఫ్, అంటే దిగుమతి సుంకం, వేస్తారేమో అన్న భయంతో సరుకు ముందే అటు తరలించారు, లండన్‌లో కొరత వచ్చింది. నవంబర్లో చైనాలోని గ్వాంగ్‌జౌలో ప్లాటినం ఫ్యూచర్స్ (ముందు తేదీ సరుకుకి ఇప్పుడే రేటు కుదుర్చుకునే బేరాలు) కూడా మొదలయ్యాయి, ఇంక స్పెక్యులేషన్ వాళ్ళకి కొత్త ఆటస్థలం దొరికింది. ఇవన్నీ నిజాలే, కానీ ఇందులో మీ పాప పెళ్ళి దాకా ఉండేవి ఎన్ని? టారిఫ్ భయం ఒక్క సంతకంతో పోతది. చైనా వాళ్ళు బంగారం తగ్గితే మళ్ళీ బంగారానికే పోతారు. డబుల్ అయిన తర్వాత వచ్చి "ఇంకా పెరుగుద్ది" అనే ఫ్రెండు 900 దగ్గర ఉన్నప్పుడు ఎక్కడున్నాడో ఒకసారి మీ ఆయన్ని అడగమనండి.

ఎవరు పెడతారు ఈ రేటు అన్నారు. లండన్‌లో రోజుకి రెండుసార్లు వేలం లాగా జరుగుతుంది, పొద్దున్న 9:45కి ఒకసారి, మధ్యాహ్నం 2 గంటలకి ఒకసారి, మన టైంలో ఎండాకాలం అయితే మధ్యాహ్నం 2:15, సాయంత్రం 6:30, వాళ్ళ చలికాలంలో ఇంకో గంట ఆలస్యం. కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు ఏ రేటు దగ్గర సరిపోతారో ఆ రేటు ప్రకటిస్తారు, గనుల వాళ్ళూ ఫ్యాక్టరీల వాళ్ళూ కాంట్రాక్టుల్లో దాన్నే రాసుకుంటారు. ఇది కాక న్యూయార్క్ ఫ్యూచర్స్ మార్కెట్ ఉంది, ఒక్కో లాటు 50 ఔన్సులు, దాదాపు రోజంతా నడుస్తూనే ఉంటుంది, ఫోన్లో ఊగే రేటు ఎక్కువగా దీని ఊపే. ఔన్సు అంటే కూడా మన వంటింటి ఔన్సు కాదు, ట్రాయ్ ఔన్సు, 31.1 గ్రాములు. చాలామంది 28తో భాగించి రేటు తప్పని గొడవ పెట్టుకుంటారు.

జనం చూడనిది, నేను మాత్రం ముందు చూసేది ఇంకోటుంది, కిరాయి. ఫ్యాక్టరీలు చాలాసార్లు ప్లాటినం కొనవు, కిరాయికి తెచ్చుకుని పని అయ్యాక వెనక్కిస్తాయి, దానికి వడ్డీ లాగా కడతాయి. శ్రావణంలో ముహూర్తాలన్నీ ఒకేసారి పడితే షామియానా కిరాయి ఎట్లా ఎగుస్తదో, మూఢంలో అదే షామియానా అడిగే దిక్కు లేక ఎట్లా పడుంటదో, అట్లాగే సరుకు నిజంగా లేనప్పుడు ఈ కిరాయి ఎగుస్తది. 2025లో బాగా ఎగిరింది. రేటు పెరిగి కిరాయి పెరగలేదంటే అది మాటల ఊపు, రెండూ పెరిగాయంటే సరుకు నిజంగానే లేదు. టీవీల్లో ఇది చెప్పరు, చెప్పినా చూసేవాళ్ళు ఛానెల్ మార్చేస్తారు.

ఇప్పుడు మీ బిల్లు. లెక్క సులువుగా ఉండాలని ఔన్సు 1,555 డాలర్లు, డాలరు 90 రూపాయలు అనుకుందాం. 31.1తో భాగిస్తే గ్రాము 50 డాలర్లు, అంటే 4,500 రూపాయలు, ఫోన్లో మీకు కనపడేది ఎక్కువగా ఇదే. దీని మీద ఇంపోర్ట్ డ్యూటీ, మన దేశంలో ప్లాటినం దాదాపు పండదు కాబట్టి అంతా బయటినుంచే. 2024 జూలై బడ్జెట్‌లో ఈ డ్యూటీని 15.4 శాతం నుంచి 6.4కి తగ్గించారు, ఆ 6.4 వేసుకుంటే 4,788 అయింది. ఇది మేలిమి రేటు, నగల్లో ఉండేది 95 శాతం, అందుకే లోపల పీటీ 950 అని కొడతారు, కాబట్టి నగలో ఉన్న లోహం విలువ గ్రాముకి 4,549. ఆరు గ్రాముల ఉంగరమైతే 27,292. షాపు చాలాసార్లు ఇక్కడే తన మార్జిన్ కలిపేసి "మా ప్లాటినం రేటు" అని వేరే బోర్డు పెడుతుంది, బంగారానికి ఊళ్ళో అందరికీ ఒకటే రేటు ఉన్నట్టు దీనికి ఉండదు, ఒకే వీధిలో మూడు షాపుల్లో మూడు రేట్లు నేనే చూశా. సరే అది వదిలేసి, మజూరీ 20 శాతం అనుకుంటే 32,750, జీఎస్టీ 3 శాతం కలిపితే 33,732. అదే ఉంగరం మర్నాడు అమ్మబోతే, లోహం విలువలో పది శాతం కోసుకుని ఇచ్చారనుకోండి, 24,562. రాత్రికి రాత్రి తొమ్మిది వేలు పోయాయి. మీ డబ్బు మీకు వెనక్కి రావాలంటేనే ప్లాటినం 37 శాతం పెరగాలి, లాభం సంగతి తర్వాత. మీ 46 వేలు 22 అవడంలో మాయేం లేదు చెల్లెమ్మా, అది ఈ లెక్కే, అప్పటి రేటు ఇంకా తక్కువ, మీ షాపు మజూరీ ఇంకా ఎక్కువ, అంతే. అన్యాయం అంటారా, నన్నడిగితే అమ్మేటప్పుడే ఈ ముక్క చెప్పకపోవడం అన్యాయం.

బంగారం అయితే మజూరీ, తరుగు అని మనకీ పోతాయి, కానీ ఆ నగని ఏ ఊళ్ళో ఏ ఆచారి అయినా గీటురాయి మీద గీసి, కరిగించి, డబ్బు చేతిలో పెడతాడు. అర్ధరాత్రి ఆసుపత్రి ఖర్చొస్తే పొద్దున్నే బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చు. ప్లాటినం మీద బ్యాంకు గోల్డ్ లోన్ ఇవ్వదు, పేరులోనే ఉంది కదా. హాల్‌మార్క్ కూడా బంగారానికి 2021 నుంచి తప్పనిసరి చేశారు, ప్లాటినానికి అట్లాంటి ప్రభుత్వ రూల్ లేదు, ప్లాటినం గిల్డ్ (ప్లాటినం నగల్ని ప్రచారం చేసే సంస్థ) వాళ్ళ స్కీములో ఉన్న షాపులు ఇచ్చే కార్డు, ఉంగరం లోపల ఉండే నంబరు, అవే మీ ఆధారం. ఆ కార్డు పారేసుకున్నారా, వేరే షాపు వాడు మీ ఉంగరాన్ని ముట్టుకోడు. ఆడపిల్లకి పెట్టే నగ కష్టంలో ఆదుకోవాలి అనే కదా మన అమ్మలు అమ్మమ్మలు బంగారం పెట్టింది, ఆ పని దీనివల్ల కాదు.

మధ్యలో ఒక తమాషా చెప్పి ముందుకెళ్తా. మొదట్లో స్పెయిన్ వాళ్ళు దక్షిణ అమెరికా నదుల్లో దీన్ని చూసి ప్లాటినా, అంటే చిన్న వెండి, అని చులకనగా పేరు పెట్టారు, బరువు బంగారంలా ఉంటుంది కాబట్టి దొంగ వ్యాపారులు బంగారంలో దీన్ని కల్తీ చేసేవాళ్ళు. ఇప్పుడు కాలం తిరగబడింది. మన దేశంలో బంగారం మీద డ్యూటీ ఎక్కువున్నప్పుడు కొందరు దిగుమతిదారులు దాదాపు మొత్తం బంగారమే ఉన్న ముద్దలో కాస్త ప్లాటినం కలిపి ప్లాటినం అల్లాయ్ అని రాయించి తక్కువ డ్యూటీతో దింపారు, తర్వాత ప్రభుత్వం కళ్ళు తెరిచి ఆంక్షలు పెట్టింది. అందుకే మన దేశానికి ఇన్ని టన్నుల ప్లాటినం వచ్చింది, డిమాండ్ పెరిగింది అని ఎవరైనా ఆ రోజుల లెక్కలు చూపిస్తే నమ్మకండి, అందులో చాలా వరకు పసుపు రంగుదే.

అయినా సరే ప్లాటినం పెరుగుద్దని మీకు గట్టి నమ్మకం ఉంటే? నగ కాకుండా ఏదైనా దారి ఉందా అంటే, మన స్టాక్ మార్కెట్లో గోల్డ్ ఈటీఎఫ్‌లు, సిల్వర్ ఈటీఎఫ్‌లు (నగ కొనకుండా లోహం రేటు మీద షేర్లలా కొనుక్కునే ఫండ్లు) ఉన్నాయి గానీ ప్లాటినానికి అట్లాంటిది లేదు. బార్లు, కాయిన్లు అమ్మేవాళ్ళు ఉంటారు, మజూరీ తక్కువే, కానీ వెనక్కి కొనేది ఎవరు, ఎంతకి, కాగితం మీద రాసిస్తారా అన్నది అడిగాకే డబ్బు తియ్యండి. రెండు లక్షల్లో పది ఇరవై వేలు సరదాకి పెట్టుకుంటానంటే నేను అడ్డుచెప్పను. మిగతాది పాప పేరు మీద, మీకు తెలిసిన దారిలో, బంగారమో డిపాజిట్టో, ఏదైనా సరే, ఐదారేళ్ళలో అవసరం పడే డబ్బు కాబట్టి పడినా లేచేదాంట్లో కాదు, అసలు పెద్దగా పడనిదాంట్లో పెట్టండి.

మీ చేతి బ్యాండ్ల సంగతి. వాటిని ఇప్పుడు రేటు పెరిగింది కదా అని అమ్మబుద్ధి అయితే, అమ్మొచ్చు, తప్పులేదు, 2023లో చెప్పిన 22 వేల కంటే ఖచ్చితంగా చాలా ఎక్కువే రావాలి. వెళ్ళే ముందు పైన చెప్పిన లెక్క ఆ రోజు రేటుతో ఇంట్లోనే వేసుకుని, పది గ్రాముల లోహం విలువ ఎంతో చీటీ మీద రాసుకుని వెళ్ళండి. షాపులో రెండే అడగండి, బైబ్యాక్ రేటు, అంటే వెనక్కి కొనే రేటు, ఈ రోజు మీరు అమ్మే రేటు మీదా లేక వేరే రేటు మీదా, కోత ఎంత శాతం. నగదు ఇవ్వరు మార్పిడే అంటే మీ బిల్లు వెనకున్న షరతులు చదవండి, అక్కడ లేనిది వాళ్ళ నోటి మాట మీద ఒప్పుకోకండి. పదిహేనేళ్ళ గుర్తుగా కొన్నది కాబట్టి ఉంచుకున్నా నేను సంతోషిస్తా, ఆ మాటకొస్తే ప్లాటినం అరిగిపోయే రకం కాదు, గీతలు పడతాయి గానీ బరువు అంతగా పోదు, మీ 10 గ్రాములు ఇరవై ఏళ్ళకి కూడా ఇంచుమించు 10 గ్రాములే ఉంటుంది.

ఉంగరం పెద్దది చేయించడం మాత్రం మీ వీధి ఆచారి దగ్గర వద్దు. ఆయన పనితనం మీద అనుమానంతో కాదు, బంగారం 1,064 డిగ్రీలకి కరుగుద్ది, ప్లాటినానికి 1,768 కావాలి, ఆయన కుంపటికీ గ్యాస్ పైపుకీ అది లొంగదు, బలవంతం చేస్తే వెండి టాకా వేసి అతికిస్తారు, ఆరు నెలలకి ఆ అతుకు దగ్గర నల్లగా గీత పడుద్ది, తర్వాత అమ్మబోతే అదొక కోత. కొన్న షాపుకే ఇవ్వండి, వాళ్ళు లేజర్ మిషన్ ఉన్న చోటికి పంపిస్తారు, వారం పది రోజులు పడుద్ది. ఇచ్చే ముందు తూకం వేయించి రసీదులో బరువు రాయించండి, లోపలి నంబరు ఫోన్లో ఫోటో తీసుకోండి, తెచ్చుకునేటప్పుడు మళ్ళీ తూకం వేయించి ఎంత లోహం కలిపారో దానికే డబ్బు కట్టండి, అర గ్రాము లోపే ఉంటుంది మామూలుగా. అప్పటిదాకా మీ ఆయన్ని బలవంతంగా లాగొద్దని చెప్పండి, వేలు వాచిందంటే ఉంగరం కోయాల్సొస్తది, ప్లాటినం కోయడానికి మామూలు కట్టర్ తిప్పలు పడుద్ది.